ముందు ఏది, తర్వాత ఏది: సూక్ష్మజీవుల గుంపుల మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి ఉత్తరాలు ఇడ్లీ పిండి దగ్గర మొదలై రొయ్యల చెరువు దాకా వెళ్లాయి. అడిగింది మాత్రం దాదాపు ఒకటే. పదుల రకాల సూక్ష్మజీవులు ఒకేచోట పెరిగేటప్పుడు ఏవి ముందు వస్తాయి, ఏవి వేటిని తోసేస్తాయి, మన చేతిలో ఉన్నదేమిటి? కొలతలు, లెక్కలు వీలైనంత వరకు ఇచ్చాం.

ప్రశ్న: మా అమ్మాయి చికాగోలో ఉంటుంది. చలికాలంలో ఇడ్లీ పిండి రోజంతా ఉంచినా పొంగడం లేదట. కరెంటు కుక్కర్ ఇన్‌స్టంట్ పాట్‌లో పెరుగు మీట నొక్కి పెడితే పుల్లబడిందే కానీ పొంగలేదట. ఇక్కడ మాకు మే నెలలో 6 గంటలకే గిన్నె దాటి కారిపోతుంది. చేత్తో కలిపితేనే పులుస్తుందని, అయోడిన్ ఉప్పు వేస్తే పులవదని కూడా అంటారు. ఏది నిజం?
— గృహిణి, తెనాలి

జవాబు: చేతినీ ఉప్పునీ పక్కన పెట్టండి. పిండిని పులియబెట్టే బ్యాక్టీరియా మినప్పప్పుతో, బియ్యంతో పాటే మీ ఇంట్లోకి వస్తాయి. చేతి మీద ఉన్నవి వాటి ముందు లెక్కలోకి రావు. అయోడిన్ ఉప్పులో కిలోకు 15 నుంచి 30 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. కిలో పిండికి 10 గ్రాముల ఉప్పు వేస్తే అందులో చేరేది అర మిల్లీగ్రాము కూడా కాదు. అంతటితో పులుపు ఆగదు.

అసలు సంగతి వేడి. పప్పు నానేటప్పుడే ల్యూకోనోస్టాక్ మెసెంటిరాయిడిస్ అనే బ్యాక్టీరియా పెరగడం మొదలుపెడుతుంది. ఇది చక్కెరల నుంచి లాక్టిక్ ఆమ్లంతో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా ఇస్తుంది. పిండి పొంగేది ప్రధానంగా దీనివల్లే. దీనికి ఇష్టమైన వేడి 25 నుంచి 30 డిగ్రీలు. దాని వెంట ఎంటరోకాకస్, ఆ తర్వాత పెడియోకాకస్, లాక్టోబాసిల్లస్ రకాలు వస్తాయి. పిండి పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) 6 దగ్గర మొదలై 4.5కి దిగేసరికి ల్యూకోనోస్టాక్ నెమ్మదిస్తుంది. ఆ పులుపును తట్టుకునే లాక్టోబాసిల్లస్ పని సాగిస్తూనే ఉంటాయి. అందుకే పూర్తిగా పొంగిన పిండిని ఇంకా బయటే వదిలేస్తే పులుపు పెరుగుతుంది, పొంగు మాత్రం దిగిపోతుంది.

ఒక చిన్న లెక్క చూడండి. గ్రాము పిండిలో మొదట లక్ష బ్యాక్టీరియా ఉన్నాయనుకుందాం. బాగా పులిసేసరికి గ్రాముకు వంద కోట్లు ఉంటాయి. అంటే 10 వేల రెట్లు, సుమారు 13 సార్లు రెట్టింపు కావాలి. 30 డిగ్రీల దగ్గర 45 నిమిషాలకు ఒకసారి రెట్టింపైతే 10 గంటలు పడుతుంది. వంటిల్లు 20 డిగ్రీలకు పడి, రెట్టింపుకు గంటన్నర రెండు గంటలు పడితే అదే పని 20 నుంచి 26 గంటలు. దీనికి మొదట్లో అవి కుదురుకునే సమయం అదనం. చికాగోలో జరుగుతున్నది ఇదే. పిండి చెడలేదు, ఇంకా సగం దారిలో ఉంది.

ఇన్‌స్టంట్ పాట్‌లో జరిగింది దీనికి తలకిందులు. పెరుగు మీట నొక్కితే లోపల వేడి 40 డిగ్రీల పైకి పోతుంది. అక్కడ ల్యూకోనోస్టాక్ కుంటుపడి లాక్టోబాసిల్లస్ రకాలు ముందుకొస్తాయి. పుల్లని పిండి వచ్చింది, గాలి రాలేదు. పొంగిన పిండి కావాలంటే 28 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంచాలి. అవెన్‌లో లైటు మాత్రం వేసి, పక్కన థర్మామీటరు పెట్టి చూడమనండి. కొన్ని బల్బులు అవెన్‌ను 40 దాటిస్తాయి. అలాంటప్పుడు తలుపు సందుగా తెరిచి ఉంచాలి.

మిగతా జాగ్రత్తలు: పప్పు 4 నుంచి 6 గంటలు నానాలి. నానబెట్టే ముందు కడిగితే చాలు. నానాక మళ్లీ నాలుగైదు నీళ్లు పోసి కడిగితే పెరగడం మొదలైన బ్యాక్టీరియాలో కొంత భాగం తూములోకి పోతుంది. నానిన నీళ్లతోనే రుబ్బుకోవచ్చు. మిక్సీలో రుబ్బేవాళ్లు చల్లటి నీళ్లు వాడాలి, మధ్యమధ్య ఆపాలి. జార్ చేతికి వేడిగా తగిలిందంటే పిండి మరీ వేడెక్కినట్టే. పప్పు ఒక వంతుకు ఇడ్లీ రవ్వ రెండు వంతులు. మినుముల్లోని జిగురు, మాంసకృత్తులు కలిసి గాలిని పట్టి ఉంచుతాయి. రవ్వ ఎక్కువైనా, పిండి జారుడుగా ఉన్నా గాలి పుడుతుంది కానీ నిలవదు. చలిదేశంలో పాత పిండి ఒక గరిటె కలపడం మంచిదే, అయితే బాగా పొంగి ఉన్నప్పుడు తీసి ఫ్రిజ్‌లో పెట్టిన పిండి కావాలి. నాలుగు రోజుల పుల్లటి పిండి కలిపితే చివర్లో రావలసిన లాక్టోబాసిల్లస్‌ను మొదట్లోనే తెచ్చి కూర్చోబెట్టినట్టు.

తెనాలి ఎండల్లో మీరు చెయ్యాల్సింది గిన్నెలో మూడో వంతు మాత్రమే పిండి పోయడం, పొంగగానే ఫ్రిజ్‌లో పెట్టడం.

ప్రశ్న: ప్యాకెట్ పెరుగుతో తోడు పెడితే మొదటి రెండు మూడు సార్లు గట్టిగా, కమ్మగా తోడుకుంటుంది. ఆ తర్వాత స్పూన్‌తో తీస్తే తీగలా సాగుతుంది. తినొచ్చా?
— ప్రైవేటు ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: పుల్లటి కమ్మని వాసన తప్ప వేరే వాసన లేకపోతే సాధారణంగా హాని లేదు. ఆ తీగ బ్యాక్టీరియా బయటికి వదిలే చక్కెర గొలుసుల జిగురు. కానీ పెరుగులో బుడగలు కనబడినా, గులాబీ, నీలి మచ్చలు కనబడినా, ఈస్టు వాసన వచ్చినా పారబోయండి.

డెయిరీలో పెరుగు 42, 43 డిగ్రీల వేడిలో తోడేస్తారు. అక్కడ రెండు బ్యాక్టీరియా జోడీగా పని చేస్తాయి. స్ట్రెప్టోకాకస్ థెర్మోఫిలస్ ముందు పెరిగి పాలలోని ఆక్సిజన్‌ను తీసేస్తుంది, ఫార్మిక్ ఆమ్లం ఇస్తుంది. లాక్టోబాసిల్లస్ బల్గారికస్ పాల మాంసకృత్తులను తుంచి మొదటిదానికి అమినో ఆమ్లాలు అందిస్తుంది. ఈ రెండోదాన్ని 1905లో స్టామెన్ గ్రిగొరోవ్ అనే బల్గేరియన్ గుర్తించాడు. విడివిడిగా పెంచితే రెండూ మందకొడిగా పెరుగుతాయి, కలిపితే 4 గంటల్లో పాలు పెరుగవుతాయి.

మీరు అదే తోడును 27, 28 డిగ్రీల వంటింట్లో రాత్రంతా వదిలేస్తున్నారు. ఆ వేడిలో ఈ జోడీ బద్ధకిస్తుంది, చల్లదనం ఇష్టపడే లాక్టోకాకస్ రకాలు ముందుకు పోతాయి. తెల్లారి ఆ పెరుగులోంచే మళ్లీ తోడు తీస్తారు. ఏ రాత్రికి ఏది గెలిస్తే అదే మర్నాటి విత్తనం. నాలుగైదు విడతల్లో గుంపు మొత్తం మారిపోతుంది. జిగురు చేసే రకం గెలిచిందంటే తీగే.

లీటరు పాలు కాచి, 40 నుంచి 42 డిగ్రీలకు చల్లారాక రెండు చిన్న చెంచాల తోడు వేసి బాగా కలపండి. మందపాటి గుడ్డ చుట్టి గానీ, హాట్ ప్యాక్‌లో గానీ 5 నుంచి 7 గంటలు కదపకుండా ఉంచి, తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టండి. తర్వాతి తోడు ఆ రోజే తీసి పక్కన పెట్టుకోవాలి, గిన్నె అడుగున మిగిలిన మూడు రోజుల పెరుగు కాదు. బాగా కుదిరిన పెరుగును ఐస్ ట్రేలో గడ్డకట్టించి ఉంచుకుంటే కొన్ని వారాల పాటు పనికొస్తుంది. ఒక్కోసారి తోడు మంచిదైనా పాలు అసలు తోడుకోవు. పాలలో యాంటీబయాటిక్ మిగిలి ఉండడం ఒక కారణం. బ్యాక్టీరియాను తినే వైరస్‌లు, అంటే ఫేజ్‌లు, చేరడం ఇంకో కారణం. ఫేజ్ ఒక్కో రకం బ్యాక్టీరియానే పడుతుంది కాబట్టి వేరే ఇంటి తోడు తెచ్చుకుంటే సరిపోతుంది.

ప్రశ్న: 2 ఘనపు మీటర్ల దీనబంధు గోబర్ గ్యాస్ ప్లాంటు నింపి 25 రోజులైంది. గ్యాస్ వస్తోంది, పొయ్యి మాత్రం వెలగడం లేదు. పుల్లటి వాసన కూడా వస్తోంది. త్వరగా గ్యాస్ రావాలని హోటల్లో మిగిలిన అన్నం రోజూ ఒక బకెట్ వేస్తున్నాం.
— రైతు, సిద్దిపేట జిల్లా

జవాబు: ఈ రోజు నుంచి అన్నం ఆపేయండి. తర్వాత మిగతాది చదవండి.

ప్లాంటులో నాలుగు రకాల గుంపులు ఒకదాని వెంట ఒకటి పని చేస్తాయి. మొదటి గుంపు గడ్డి, పిండిపదార్థాలను కరిగిస్తుంది. రెండోది వాటిని ఆమ్లాలుగా మారుస్తుంది. మూడోది ఆ ఆమ్లాలను విరిచి ఎసిటిక్ ఆమ్లం, హైడ్రోజన్ చేస్తుంది. నాలుగోది వాటి నుంచి మీథేన్ చేస్తుంది. ఈ నాలుగోవి బ్యాక్టీరియా కూడా కావు, ఆర్కియా అనే వేరే జాతి జీవులు.

చిక్కంతా వేగాల తేడాలో ఉంది. ఆమ్లం చేసేవి గంటల్లో రెట్టింపవుతాయి. ఎసిటిక్ ఆమ్లాన్ని మీథేన్‌గా మార్చేవాటిలో మిథనోసార్సినా రెట్టింపుకు ఒకటి రెండు రోజులు తీసుకుంటుంది, మిథనోసీటాకు 4 నుంచి 9 రోజులు పడుతుంది. పైగా ఇవి పేడలో మొదటి నుంచీ తక్కువే. ఆవు పెద్దపొట్టలో మేత ఒకటి రెండు రోజులే నిలుస్తుంది. అంత నిదానంగా పెరిగేవి అక్కడ నిలదొక్కుకోలేక కొట్టుకుపోతాయి. ఎసిటిక్ ఆమ్లాన్ని ఆవే తన ఒంటికి పట్టించుకుంటుంది. పొట్టలో బలంగా ఉండేవి హైడ్రోజన్ తిని మీథేన్ చేసే రకాలు. కాబట్టి ప్లాంటుకు కావలసిన ఎసిటిక్ ఆమ్లపు గుంపు దాదాపు సున్నా నుంచి, మీ ట్యాంకులోనే పెరగాలి. వారాలు పట్టేది అందుకే.

మూడో గుంపుకు ఇంకో బలహీనత ఉంది. హైడ్రోజన్ కొంచెం పోగుపడినా, అంటే దాని పీడనం వాతావరణ పీడనంలో పదివేలో వంతు దాటినా, ప్రొపియోనిక్ ఆమ్లాన్ని విరవలేదు. ఆ హైడ్రోజన్‌ను ఎప్పటికప్పుడు తినేది నాలుగో గుంపు. అది బలపడకముందే మీరు బకెట్ అన్నం వేశారు. రెండో గుంపుకు పండగయింది, ఆమ్లాలు పేరుకున్నాయి, పీహెచ్ పడిపోయింది, మీథేన్ చేసేవి ఇంకా కుంగాయి. ఇప్పుడు వస్తున్న గ్యాస్‌లో ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడ్. మీథేన్ దాదాపు సగానికి చేరితేనే పొయ్యి నిలకడగా వెలుగుతుంది.

బాగుచేసే పద్ధతి ఇది. పీహెచ్ కాగితం తెచ్చి, బయటికొచ్చే స్లర్రీ (పేడ, నీళ్ల ద్రావణం) కాదు, లోపలి నుంచి తీసిన స్లర్రీని చూడండి. 6.8 నుంచి 7.4 మధ్య ఉండాలి. 6.5 కంటే తక్కువుంటే వారం రోజులు ఏమీ వెయ్యకండి, పేడ కూడా. రోజుకోసారి పొడవాటి కర్రతో ఇన్‌లెట్ గుండా కలపండి. వారానికీ పీహెచ్ లేవకపోతే అర కిలో తడిసున్నం 20 లీటర్ల నీళ్లలో కలిపి పోసి, రెండు రోజులాగి మళ్లీ చూడండి. సున్నం ఒకేసారి కుమ్మరిస్తే కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి అడుగున రాయిలా పేరుకుంటుంది, పీహెచ్ కూడా అదుపు తప్పుతుంది. దగ్గర్లో బాగా నడుస్తున్న ప్లాంటు ఉంటే అక్కడి స్లర్రీ 400 నుంచి 800 లీటర్లు తెచ్చి పోయడం సున్నం కంటే ఎంతో మేలు. అందులో మీకు కావలసిన నాలుగో గుంపు సిద్ధంగా ఉంటుంది.

మంట నిలిచాక పావు వంతుతో మొదలుపెట్టండి: 12 కిలోల పేడ, 12 లీటర్ల నీళ్లు. వారానికోసారి పెంచుకుంటూ 50 కిలోల పేడ, 50 లీటర్ల నీళ్లకు రండి. కిలో పేడకు సుమారు 40 లీటర్ల గ్యాస్ లెక్కన 50 కిలోలకు 2,000 లీటర్లు, అదే మీ 2 ఘనపు మీటర్లు. రోజుకు 100 లీటర్లు పోస్తే 4,000 లీటర్ల ట్యాంకులో ప్రతి చుక్కా 40 రోజులు నిలుస్తుంది. నిదానంగా పెరిగేవి కొట్టుకుపోకుండా ఉండడానికే ఆ 40 రోజులు. నీళ్లు ఎక్కువ పోస్తే ఆ రోజులు తగ్గుతాయి, గుంపు పలచబడుతుంది. అన్నం తప్పనిసరైతే రెండు నెలల తర్వాత, మెత్తగా చేసి పేడలో కలిపి, రోజుకు కిలోతో మొదలుపెట్టండి.

మొదట్లో నిండిన గ్యాస్‌ను ఒకటి రెండు సార్లు బయటికి వదిలేయాలి, అందులో గాలి కలిసి ఉంటుంది. డోమ్ పైపు దగ్గర అగ్గిపుల్ల గీసి చూడడం ప్రాణాంతకం. పరీక్ష ఎప్పుడూ పొయ్యి దగ్గరే. కొట్టం కడిగిన ఫినాయిల్ నీళ్లు, యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చేసిన పశువు పేడ కొన్నాళ్లు ప్లాంటులోకి రానివ్వకండి. దీనబంధు నమూనా 1984లో వచ్చింది. దాని గురించి చెప్పే ఫిర్యాదుల్లో కట్టడం తప్పు కంటే మేత తప్పే ఎక్కువ.

ప్రశ్న: మిద్దె మీది 1,000 లీటర్ల ట్యాంకులో గోడలకు జిగురు పడుతోంది. బ్లీచింగ్ వేసినా రెండు వారాలకు మళ్లీ మామూలే.
— అపార్ట్‌మెంట్ కార్యదర్శి, విశాఖపట్నం

జవాబు: రుద్దకుండా బ్లీచింగ్ వేస్తున్నారు, అదే లోపం. గోడకు అంటుకున్న బ్యాక్టీరియా తమ చుట్టూ జిగురు కట్టుకుంటాయి. క్లోరిన్ ఆ జిగురు పైపొరలోనే ఖర్చయిపోతుంది, లోపలివి బతికి మళ్లీ పెరుగుతాయి.

ట్యాంకు ఖాళీ చేసి, నైలాన్ బ్రష్‌తో గోడలు, మూత లోపలి వైపు, పైపు మూతులు రుద్ది, మడ్డి బయటికి కడిగేయండి. మళ్లీ నింపి, తాజా బ్లీచింగ్ పౌడర్ 150 గ్రాములు బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే పోయండి. పౌడర్‌లో మూడో వంతు క్లోరిన్ ఉంటుంది కాబట్టి లీటరుకు 50 మిల్లీగ్రాములు వస్తుంది. ప్రతి కుళాయీ వాసన వచ్చేదాకా విప్పి కట్టి, రాత్రంతా ఉంచి, పొద్దున్న ఆ నీళ్లు వదిలేయండి. తాగొద్దని అందరికీ ముందే చెప్పాలి. మూత సందులోంచి వెలుతురు పడితే నాచు పెరుగుతుంది, అదే బ్యాక్టీరియాకు మేత. తర్వాత రోజువారీ నీటిలో లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉంటే జిగురు మళ్లీ కుదురుకోవడానికి చాలా ఆలస్యమవుతుంది.

ప్రశ్న: పళ్ల మీద గార కూడా ఇలాంటిదేనా?
— డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: గార గట్టిపడకముందున్న పాచి ఇలాంటిదే, వరస ఇంకా స్పష్టంగా ఉంటుంది. బ్రష్ చేసిన కొన్ని గంటల్లోనే స్ట్రెప్టోకాకస్ రకాలు పంటికి అంటుకుంటాయి. వాటి మీద ఫ్యూసోబ్యాక్టీరియం వచ్చి వంతెనలా నిలబడుతుంది, దాన్ని పట్టుకుని గాలి గిట్టని పోర్ఫిరోమోనాస్ లాంటివి చిగురు సందుల్లో చేరతాయి. 1965లో హెరాల్డ్ లో అనే దంత శాస్త్రవేత్త బృందం ఆరోగ్యంగా ఉన్న 12 మందిని బ్రష్ చెయ్యొద్దని చెప్పి చూసింది. 10 నుంచి 21 రోజుల్లో అందరి చిగుళ్లూ వాచాయి. మళ్లీ శుభ్రం చేసుకోగానే తగ్గాయి. రోజూ చెదరగొడితే ఆఖరివి వచ్చే దశే రాదు. పాచిలో సున్నపు లవణాలు చేరి గట్టిపడితే అది గార. దాన్ని డెంటిస్టే తియ్యాలి.

ప్రశ్న: ఎకరం చెరువు, 1.2 మీటర్ల లోతు, వెనామీ సీడ్ వేసి 35 రోజులు. బయోఫ్లాక్ (చక్కెర వేసి బ్యాక్టీరియా ముద్దలు పెంచి, వాటితో అమోనియాను తినిపించే పద్ధతి) చేద్దామని సాయంత్రం 50 కిలోల బెల్లం కలిపి చల్లాం. తెల్లవారుజామున రొయ్యలు పైకి తేలాయి. అమోనియా కొంత తగ్గింది, నైట్రైట్ పెరుగుతోంది. ప్రోబయోటిక్ ప్యాకెట్ వేస్తే పోతుందా?
— రొయ్య రైతు, భీమవరం

జవాబు: ముందు బెల్లం లెక్క. మీ చెరువులో నీళ్లు సుమారు 4,900 ఘనపు మీటర్లు. కిలో చక్కెరను బ్యాక్టీరియా తిని సగం ఒంటికి పట్టించుకుని సగం మండిస్తే అర కిలో ఆక్సిజన్ ఖర్చవుతుంది. 50 కిలోలకు 25 కిలోలు. దాన్ని చెరువు మొత్తానికి పంచితే లీటరుకు 5 మిల్లీగ్రాములు. సాయంత్రం చెరువులో ఉండేదే 6, 7. పైగా రాత్రి నాచు ఆక్సిజన్ ఇవ్వదు, తీసుకుంటుంది. బెల్లం ఎప్పుడు చల్లినా ఎండెక్కాక, ఉదయం 9, 10 గంటల మధ్య, అన్ని ఏరియేటర్లూ తిరుగుతుండగా, రెండు మూడు విడతలుగా చల్లాలి. ఆక్సిజన్ 4 కంటే దిగకూడదు.

ఎంత బెల్లం? 35 శాతం ప్రొటీన్ ఉన్న మేత కిలోలో 56 గ్రాముల నైట్రోజన్ ఉంటుంది. అందులో సగం, 28 గ్రాములు, అమోనియాగా నీటిలో చేరుతుందనుకుందాం. గ్రాము అమోనియా నైట్రోజన్‌ను బ్యాక్టీరియా తమ ఒంట్లోకి తీసుకోవడానికి 20 గ్రాముల పిండిపదార్థం కావాలి. అంటే కిలో మేతకు 560 గ్రాముల చక్కెర, బెల్లంగా 600 గ్రాముల పైన. మొలాసిస్ అయితే కిలో దాటుతుంది, అందులో చక్కెర సగమే. మట్టి చెరువులో నాచు కూడా అమోనియా తింటుంది కనుక ఇందులో సగంతో మొదలుపెట్టి, కొలిచి పెంచడమే తెలివైన పని. లైనర్ వేసి, ఎకరానికి 10 హెచ్‌పీకి పైగా ఏరియేషన్ పెట్టి, కరెంటు పోతే అందుకునే జనరేటరు ఉన్నవాళ్లకే పూర్తి బయోఫ్లాక్. మిగతావాళ్లు ఆ పేరుతో బెల్లం చల్లడం జూదం.

ఇక నైట్రైట్. బెల్లం తినే బ్యాక్టీరియా కొన్ని గంటల్లో రెట్టింపవుతాయి, అమోనియా అందుకే రోజుల్లో దిగింది. కానీ అమోనియాను నైట్రైట్‌గా మార్చే నైట్రోసోమోనాస్, దాన్ని నైట్రేట్‌గా మార్చే నైట్రోబాక్టర్, నైట్రోస్పైరా వేరే కుటుంబం. వాటికి బెల్లం అక్కర్లేదు, చాలా నిదానంగా పెరుగుతాయి. మొదటి గుంపు కుదురుకోవడానికి రెండు మూడు వారాలు, రెండోదానికి ఇంకో రెండు వారాలు. అమోనియా ఎక్కువగా ఉన్నంతకాలం రెండో గుంపు అణగి ఉంటుంది. ఈ మధ్య సందులోనే నైట్రైట్ పోగుపడుతుంది. 35 రోజుల చెరువులో అది కనబడడం వింతేమీ కాదు.

నీటి ఉప్పదనం ఎక్కువుంటే క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ను అడ్డుకుంటుంది. 5 పీపీటీ (లీటరుకు 5 గ్రాముల ఉప్పు) లోపు బోరు నీళ్లయితే ప్రమాదం ఎక్కువ. మేత 20, 30 శాతం తగ్గించండి, అడుగు మడ్డి తీయించండి, ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా నీటికి ఉండే శక్తి) చూడండి. గ్రాము అమోనియా నైట్రోజన్ నైట్రేట్ కావడానికి 4.57 గ్రాముల ఆక్సిజన్, 7.14 గ్రాముల ఆల్కలినిటీ ఖర్చవుతాయి. ఆల్కలినిటీ లీటరుకు 120 మిల్లీగ్రాముల కంటే కిందికి పడితే ఆ గుంపు పని మందగిస్తుంది. మీ చెరువులో దాన్ని లీటరుకు 10 మిల్లీగ్రాములు పెంచడానికి సోడియం బైకార్బనేట్ సుమారు 82 కిలోలు కావాలి. ఖర్చు చూసుకుని డోలమైట్ ముందు నుంచే వాడుకోవడం మేలు.

ప్యాకెట్ సంగతి: పొడిగా దొరికే వాటిలో ఉండేవి ఎక్కువగా బాసిల్లస్ రకాలు. అవి విత్తనాల్లాంటి స్పోర్లు కడతాయి కాబట్టి పొడిలో బతుకుతాయి. నైట్రైట్‌ను మార్చేవి స్పోర్లు కట్టవు, పొడి ప్యాకెట్‌లో అవి బతికి ఉంటాయని నమ్మడం కష్టం. బాగా నడిచిన చెరువు నుంచి, రోగం లేదని పరీక్షలో తేలితేనే, కొంత నీరు తెచ్చుకోవడం దానికంటే పనిచేస్తుంది. వైట్ స్పాట్ అనే రొయ్యల వైరస్ జబ్బు భయం ఉన్న ఊళ్లో అదీ వద్దు. ఫ్లాక్ (బ్యాక్టీరియా ముద్దలు) ఎంతుందో చూడడానికి గరాటులా ఉండే లీటరు ఇమ్‌హాఫ్ కోన్‌లో నీళ్లు పోసి 20, 30 నిమిషాలాగండి. అడుగున 10 నుంచి 15 మిల్లీలీటర్లు దిగితే చాలు. అది దాటితే బెల్లం ఆపాలి.

ప్రశ్న: సైన్స్ ఫెయిర్ కోసం సూక్ష్మజీవుల గుంపు పెరగడం కంటికి కనబడేలా ఏదైనా చెయ్యొచ్చా? మైక్రోస్కోపు లేదు.
— 10వ తరగతి విద్యార్థి, కర్నూలు

జవాబు: వినోగ్రాడ్‌స్కీ స్తంభం చెయ్యి. 1880లలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త తయారు చేసిన పద్ధతి. ఖర్చు దాదాపు లేదు, ఓపిక మాత్రం రెండు నెలలు కావాలి.

2 లీటర్ల పారదర్శక ప్లాస్టిక్ సీసా పైభాగం కోసెయ్యి. చెరువు అంచు నుంచి నల్లటి బురద కిలోన్నర తెచ్చి రాళ్లు, పుల్లలు ఏరెయ్యి. అందులో మూడో వంతు బురదకు చిన్నగా చింపిన వార్తాపత్రిక ఒక గుప్పెడు, ఉడికిన గుడ్డు పచ్చసొన ఒకటి, జిప్సం పొడి ఒక పెద్ద చెంచా కలిపి అడుగున వెయ్యి. జిప్సం వేరుశనగ రైతుల దగ్గర దొరుకుతుంది. బడిలోని సుద్దముక్కల్లో చాలావరకు అదే. మిగతా బురద ఏమీ కలపకుండా పైన వెయ్యి. ఒక్కో పొరనూ కర్రతో కుక్కి గాలి బుడగలు పోగొట్టాలి. పైన రెండు అంగుళాలు చెరువు నీళ్లు పోసి, పల్చటి ప్లాస్టిక్ కప్పి రబ్బరు బ్యాండ్ వేసి, వెలుతురు పడే కిటికీ దగ్గర ఉంచు. కర్నూలు ఎండ నేరుగా తగిలితే బురద ఉడికిపోతుంది.

మొదటి వారం, పది రోజులు ఏమీ కనబడదు. లోపల కాగితాన్ని తినే బ్యాక్టీరియా ఆక్సిజన్ అంతా ఖర్చు చేస్తుంటాయి. తర్వాత పైన ఆకుపచ్చ నాచు వస్తుంది. అడుగున గంధకాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మార్చేవి పుంజుకుని, అది బురదలోని ఇనుముతో కలిసి నల్లగా మారుతుంది. నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య, నలుపుకు కాస్త పైన ఆకుపచ్చటి పట్టీ, దాని మీద ఊదా పట్టీ కనబడతాయి. ఆకుపచ్చ గంధక బ్యాక్టీరియా సల్ఫైడ్‌ను ఎక్కువ తట్టుకుంటాయి కాబట్టి కింద, ఊదావి దాని పైన. సల్ఫైడ్ కింది నుంచి, ఆక్సిజన్ పై నుంచి వస్తుంటే ఒక్కో రకం తనకు సరిపడే ఎత్తులో నిలబడుతుంది. ఎవరూ నాటకుండానే ఏర్పడిన వరుసలవి.

సీసా మొత్తం నల్లబడితే పచ్చసొన ఎక్కువైనట్టు. పట్టీలు అసలు రాకపోతే వెలుతురు చాలనట్టు. రెండో సీసాకు నల్ల కాగితం చుట్టి పక్కన పెట్టు, న్యాయనిర్ణేతలు ముందు అడిగేది పోల్చడానికి ఏముందనే. ఇంట్లోవాళ్లు వాసనకు గొడవ చేస్తారు కనుక కప్పు తియ్యకు. ఫెయిర్ తేదీకి కనీసం 8 వారాల ముందు మొదలుపెట్టు.

ప్రశ్న: జీవామృతం 20 రోజులు నిల్వ ఉంచి వాడొచ్చా? ఎకరానికి 200 లీటర్లు పోస్తే నేలలో సూక్ష్మజీవులు ఎన్ని రెట్లు పెరుగుతాయి?
— రైతు, అనంతపురం జిల్లా

జవాబు: 20 రోజులు వద్దు. 200 లీటర్ల నీటిలో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గట్టు మట్టి గుప్పెడు వేశాక బెల్లంలోని చక్కెర ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. 48 గంటలకు గుంపు బాగా పెరిగి ఉంటుంది. ఆ తర్వాత పప్పు పిండిలోని మాంసకృత్తులు కుళ్లి అమోనియా వస్తుంది. కలపకపోతే డ్రమ్ము లోపల ఆక్సిజన్ పూర్తిగా పోయి గాలి గిట్టని రకాలు చేరతాయి. కుళ్లు వాసన అదే. నీడలో పెట్టి, గోనెపట్టా కప్పి, రోజుకు రెండుసార్లు కర్రతో కలిపి, వారం లోపు వాడెయ్యండి. కర్ర ఎటు తిప్పినా ఫరవాలేదు, గాలి కలవడమే కావాలి.

రెండో ప్రశ్నకు లెక్కే జవాబు. ఎకరంలో 15 సెంటీమీటర్ల లోతు మట్టి దాదాపు 900 టన్నులు. గ్రాము మట్టిలో 10 కోట్ల బ్యాక్టీరియా ఉన్నాయని తక్కువగా లెక్కేసినా, 200 లీటర్ల జీవామృతంలో మిల్లీలీటరుకు 100 కోట్లు ఉన్నాయని ఎక్కువగా లెక్కేసినా, మీరు పోసేది నేలలో ఉన్నదానిలో వందో వంతు కూడా కాదు. సంఖ్య పెంచడానికి అది చాలదు. పోసినవాటిలో చాలావరకు మట్టిలోని పాతకాపుల ముందు నిలవలేవు. నేలలో గుంపు పెరగాలంటే వాటికి తిండి, తడి కావాలి. అనంతపురం ఎండకు నేల బోసిగా ఉంటే ఎన్ని డ్రమ్ములు పోసినా వారానికే తగ్గిపోతాయి. వేరుశనగ పొట్టు, కంది కట్టె, ఎండు గడ్డి ఏది దొరికితే అది రెండు మూడు అంగుళాల మందాన ఆచ్ఛాదన వేసి, దాని మీద తడి ఉన్నప్పుడు, సాయంత్రం పూట జీవామృతం పోయండి. బోదెల్లో పారించేవాళ్లు గుడ్డతో వడకట్టనక్కర్లేదు. డ్రిప్‌లో పంపేవాళ్లు రెండు పొరల గుడ్డతో వడకట్టి, పంపాక అరగంట మామూలు నీళ్లు వదలాలి. లేదంటే విశాఖ ట్యాంకులో పట్టిన జిగురే డ్రిప్పర్లలోనూ పడుతుంది.